నేల చెక్కల సందుల్లో దొరికిన కళ్ళజోడు

రెండు గుండ్రటి చెక్క చట్రాలు. రెండింటినీ కలుపుతూ మధ్యలో చిన్న మేకు. చెవులకి తగిలించుకునే కాడలు లేవు. ముక్కు మీద నొక్కి నిలబెట్టుకోవాలి, లేదంటే చేత్తో పట్టుకుని చదువుకోవాలి. చూడగానే తిరునాళ్ళలో పిల్లలకి కొనే బొమ్మ కళ్ళజోడేమో అనిపిస్తుంది. కానీ ఇది ఆరేడు వందల ఏళ్ళ కిందట నిజంగా ఒకరు పెట్టుకున్న కళ్ళజోడు. ఈనాటిదాకా మిగిలిన అతి పాత కళ్ళజోళ్ళలో ఇదొకటి. పెట్టుకున్నది ఏ పండితుడో, రాజుగారి మంత్రో కాదండీ. ఓ ఆడమనిషి. పేరు తెలీదు.

ఉత్తర జర్మనీలో ట్సెల్లె అని ఒక పట్టణం ఉంది. దానికి పది కిలోమీటర్ల దూరంలో ఆలర్ నది ఒడ్డున వీన్‌హౌజెన్ అనే గ్రామం. అక్కడొక పాత సన్యాసినుల మఠం. 1953లో ఆ మఠంలోని ప్రార్థనశాల నేలకి మరమ్మతు చేద్దామని చెక్కలు ఊడదీస్తే, సన్యాసినులు కూర్చునే పీటల కింద ఈ కళ్ళజోడు బయటపడింది. ఇదొక్కటేనా? ఇంకా కొన్ని కళ్ళజోళ్ళు, వాటి ముక్కలు, చిన్న చిన్న కత్తులు, కత్తెరలు, రాసుకునే పలకలు, అరచేతిలో పట్టేంత దేవుడి బొమ్మలు, ఏవో రాసిన కాగితపు ముక్కలు... వందల ఏళ్ళుగా పీటల సందుల్లోంచి జారిపడ్డవన్నీ దుమ్ములో పదిలంగా ఉన్నాయి.

మన ఇళ్ళల్లో బీరువా జరిపితే ఏం దొరుకుతాయి? పిన్నీసు, జాకెట్టు హుక్కు, ఎప్పుడో పోయిందనుకున్న చెవి దుద్దు మర. అచ్చం అలాగే!

మా చెల్లెలు పెళ్ళయ్యాక హానోవర్‌లో ఉంటోంది. రెండేళ్ళ కిందట వేసవిలో నేను వాళ్ళింటికి వెళ్ళినప్పుడు, "అక్కా, కోటలూ రాజుల బొమ్మలూ చాలా చూశావుగానీ, నువ్వు చూడాల్సింది ఒకటుంది" అని ట్సెల్లెకి ట్రైనెక్కించింది. గంట కూడా పట్టలేదు. అక్కణ్ణించి కాస్త దూరం బస్సు. ఎక్కడికే అంటే "కాన్వెంటుకి" అంది. మనకి కాన్వెంటంటే టై, బూట్లు, ఇంగ్లీషు మీడియం కదా! ఆ మాటకి అసలు అర్థం ఆడ సన్యాసుల మఠమని డిగ్రీ చదివిన నాకూ గుర్తు రాలేదు ఆ క్షణంలో.

దోమలకి భయపడి...

సిస్టర్షియన్లు అంటే క్రైస్తవ సన్యాసుల్లో ఒక శాఖ. 1098లో ఫ్రాన్సులోని సీతో అనే చోట మొదలైంది. అప్పటి మఠాల్లో ఆడంబరాలు పెరిగిపోయాయని విసిగి, అడవుల్లోకీ చిత్తడి నేలల్లోకీ పోయి, కష్టపడి పనిచేసుకుంటూ ప్రార్థన చేసుకుందామని బయల్దేరినవాళ్ళు. తెల్ల అంగీ, సాదా తిండి, సాదా గోడలు. చర్చిలో రంగుల బొమ్మలూ బంగారు తళుకులూ వద్దనేది వాళ్ళ పట్టుదల.

వీన్‌హౌజెన్ మఠాన్ని స్థాపించింది ఆగ్నెస్ అనే ఆవిడ. సింహం అని బిరుదున్న డ్యూక్ హెన్రీకి కోడలు. మఠం చరిత్ర గ్రంథం ప్రకారం మొదట 1221లో నీన్‌హాగెన్ అనే చోట పెట్టారు. పదేళ్ళకి అక్కణ్ణించి వీన్‌హౌజెన్‌కి మార్చారు. ఎందుకో తెలుసా? అక్కడంతా బురద నేల, పురుగూ పుట్రా, దోమలూ! ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడు మొదట నీళ్ళూ దోమలూ సంగతి అడిగేది మనమే కాదన్నమాట.

ఆగ్నెస్ రాతి విగ్రహం ఇప్పటికీ మఠంలో ఉంది. దేవతలా కాకుండా ఇల్లు కట్టించిన యజమానురాల్లా నిలబడి ఉంటుంది.

ఆ ప్రాంతంలో కట్టడానికి పనికొచ్చే రాయి దొరకదు. అందుకని ఉత్తర జర్మనీ అంతా ఎర్ర ఇటికె కట్టడాలే. ఈ మఠమూ అంతే. ముఖం వైపు గోడ పైకి పోతున్నకొద్దీ బొమ్మల కొలువు మెట్లలాగా ఇటూ అటూ తగ్గుకుంటూ పోతుంది. కొన్ని వైపులు మాత్రం తర్వాతి కాలంలో చెక్క దూలాల మధ్య గోడలు నింపి కట్టినవి. లోపల నాలుగు పక్కలా వసారా తిరిగిన ఆవరణ, మధ్యలో ఆకాశం. మా అమ్మమ్మగారి మండువా ఇల్లు గుర్తొచ్చింది నాకు. వసారా కిటికీల్లో 14వ శతాబ్దపు రంగు అద్దాలు కొన్ని ఉన్నాయి. ఎండ పడితే నేల మీద చిన్న చిన్న రంగు మరకలు పడతాయి.

ఊరివాళ్ళ చర్చీ, సన్యాసినుల ప్రార్థనశాలా పక్కపక్కనే ఆనుకుని ఉంటాయి. కానీ వీళ్ళది మేడమీద. ఊళ్ళోవాళ్ళకి వీళ్ళు కనబడరు. రోజుకి ఏడెనిమిదిసార్లు, అర్ధరాత్రి కూడా లేచి వచ్చి, లాటిన్‌లో పాడుకునేది అక్కడే. కళ్ళజోడు జారిపడింది కూడా ఆ గదిలోనే.

వద్దన్న రంగులే గోడనిండా

ఇక ఆ ప్రార్థనశాల సంగతి. మెట్లెక్కి లోపల కాలుపెట్టగానే నోట మాట రాదు. 1330 ప్రాంతంలో కట్టిన గది. గోడలూ, పైకప్పు వంపులూ, కిటికీల పక్క సందులూ... అరచేయంత ఖాళీ కూడా వదలకుండా బొమ్మలే. పైన గుండ్రటి వలయాల్లో పాత నిబంధన కథలు, క్రీస్తు జీవితం, సింహాసనం మీద కొలువుతీరిన క్రీస్తు. ఆ చుట్టూతా తీగలు, ఆకులు, పిట్టలు. సాదా గోడలే ఉండాలని శపథం పట్టిన శాఖలో ఇదేమిటండీ అంటే, ఏం చెప్తాం! మగవాళ్ళు రాసిన నియమం ఒకటి, ఆడవాళ్ళు కాపురం ఉన్న ఇల్లు ఒకటి.

నాకు చాలా నచ్చిన విషయం ఇంకోటి. 1488 నాటికి ఆ బొమ్మల రంగులు వెలిసిపోతే తిరిగి దిద్దింది బయటి చిత్రకారులు కాదు. మఠంలోని ముగ్గురు సన్యాసినులు. ముగ్గురి పేర్లూ గెర్ట్రూడే! మా పెద్దనాన్నగారింట్లో ముగ్గురు లక్ష్ములు ఉండేవారు, పెద్దలక్ష్మి, నడిపిలక్ష్మి, చిన్నలక్ష్మి. వీళ్ళనీ అలాగే పిలుచుకునేవారేమో! అంత ఎత్తున పరంజా ఎక్కి, తల వెనక్కి వాల్చి, తెల్ల అంగీల మీద రంగులు పడుతూ ఉంటే ఆ ముగ్గురు గెర్ట్రూడులూ ఏం కబుర్లు చెప్పుకుని ఉంటారు? మాట్లాడకూడదనేది కూడా నియమమేగానీ, పరంజా మీద ఎవరు వింటారు?

సూదీ దారం

గోడల కంటే ఎక్కువసేపు నన్ను నిలబెట్టేసినవి గుడ్డలు. వీన్‌హౌజెన్‌లో 14, 15 శతాబ్దాల పెద్ద పెద్ద గోడ తెరలు ఉన్నాయి. 'తివాచీలు' అంటారుగానీ మగ్గం మీద నేసినవి కావు. నార గుడ్డ మీద ఉన్ని దారంతో చేత్తో కుట్టినవి. ఆ కుట్టుకి పేరే 'మఠం కుట్టు'. కుట్టడం వచ్చినవాళ్ళకి చెప్తాను: దారాన్ని ఆ చివర నుంచి ఈ చివరికి పొడుగ్గా పరుస్తారు. తిరిగొచ్చేటప్పుడు అదే దారంతో, పరిచిన దారాన్ని అక్కడక్కడా చిన్న ఏటవాలు కుట్లతో నొక్కిపెడతారు. అడుగు గుడ్డ పిసరంత కూడా కనబడకుండా ఇలా మొత్తం నింపాలి. దూరం నుంచి చూస్తే నేతలాగే ఉంటుంది.

అన్నిటిలోకీ పాతది 1300 ప్రాంతంలోది. దాదాపు నాలుగు మీటర్ల పొడవు, రెండు మీటర్ల పైచిలుకు ఎత్తు. ఒక్క దిండు గలీబు మీద నాలుగు గులాబీలు కుట్టేసరికి మెడ పట్టేస్తుంది మనకి! నీలం, ఎరుపు, పసుపు రంగులు ఇప్పటికీ తేటగా ఉన్నాయి.

అందులో కథ ఏమిటనుకున్నారు? దేవుడి కథ కాదు. ట్రిస్టన్, ఇజోల్డె అనే ప్రేమికులది. రాజుగారికి పెళ్ళికూతుర్ని తీసుకురమ్మని మేనల్లుణ్ణి పంపితే, దార్లో వాళ్ళిద్దరూ పొరపాటున ప్రేమ మందు తాగేస్తారు. పెళ్ళి రాజుతో, మనసు మేనల్లుడి మీద... ఇదీ కథ. సన్యాసినుల మఠంలో ఈ కథ మీద ఒకటి కాదు, మూడు తెరలు ఉన్నాయి! వరసలు వరసలుగా బొమ్మలు, పెద్ద తెరలో వాటి మధ్య పట్టీల్లో కథ వాళ్ళ భాషలోనే రాసి ఉంటుంది. మన కలంకారీ వస్త్రం మీద రామాయణం ఘట్టాలు వరసగా వేసి పక్కన తెలుగులో రాస్తారే, చూడ్డానికి అలా ఉంటుంది.

ఇలాంటివి ఎందుకు కుట్టారని పండితులు రకరకాలుగా చర్చించుకుంటున్నారు. ఎవరో గొప్పింటివాళ్ళు చేయించుకున్నారనీ, లోకం తీరు చెప్పి హెచ్చరించడానికనీ. కథలు రాసుకునేదాన్ని కాబట్టి నాకు తోచింది నేను చెప్తాను. వాళ్ళకి ఆ కథ ఇష్టం. అంతే! ఆరేడేళ్ళ వయసులో వచ్చి చేరిన పిల్లలు కూడా ఉండేవారు ఇలాంటి మఠాల్లో. పెద్దయ్యాక ప్రేమ అంటే ఎలా ఉంటుందో సూదిమొనతో తెలుసుకున్నారు.

ఇంకో తెర మన దేశానికి సంబంధించింది. 14వ శతాబ్దం చివర్లోది. ఏసు శిష్యుడు తోమాసు ఇండియాకి వచ్చిన కథ. మద్రాసు మైలాపూర్‌లో సాంథోమ్ చర్చి చూసినవాళ్ళకి ఆ పేరు తెలుసు. తోమాసు కథల్లో ఒకటి చెప్తాను. గుండఫరు అనే మన దేశపు రాజు రాజభవనం కట్టమని డబ్బిస్తే, తోమాసు ఆ డబ్బంతా పేదలకి పంచేసి, నీ భవనం స్వర్గంలో తయారైంది అన్నాడట! ఎక్కడి వీన్‌హౌజెన్, ఎక్కడి మైలాపూర్! ఊరి పొలిమేర దాటని ఆడవాళ్ళు మన దేశాన్ని దారంతో ఊహించుకున్నారని తలుచుకుంటే ఒళ్ళు జలదరించింది.

అయితే మురిసిపోతూ ఉండగానే ఒక మాట అడగాలి. ఇంత తీరిక వీళ్ళకి ఎక్కణ్ణించి వచ్చింది? వీళ్ళు ఎక్కువమంది కలిగినవాళ్ళ ఆడపిల్లలు. కూతుర్ని మఠానికి పంపాలన్నా కట్నంలాంటిది ముట్టజెప్పేవారు. పెళ్ళి కట్నం కంటే తక్కువలో తేలిపోతుంది గనక పంపిన తండ్రులూ ఉన్నారు. ఆ పిల్లని ఎవరూ అడగలేదు. మఠంలో బట్టలుతికి, వంటచేసి, పొలం చూసినవాళ్ళు వేరే. వాళ్ళ కళ్ళజోళ్ళు నేల చెక్కల కింద దొరకలేదు, వాళ్ళకి చదువే లేదు కాబట్టి. పై వసారాలో వరసగా పెట్టిన పాత టేకులాంటి ఓక్ చెక్క పెట్టెలు చూశాను. అమ్మాయి మఠానికి వచ్చేటప్పుడు తనతో తెచ్చుకునే సామాను పెట్టె. సారె పెట్టెలాంటిదే. మా మేనత్త పద్నాలుగేళ్ళకే విధవరాలై పుట్టింటికొచ్చి, ఓ రేకు పెట్టెతో డెబ్భై ఏళ్ళు మా పెరటి గదిలో గడిపేసింది. ఆ పెట్టెలో ఆవిడ ఏం దాచుకుందో ఎవరూ అడగలేదు. ఆవిడ పోయాక తెరిస్తే చదివి చదివి నలిగిన భాగవతం, విరిగిపోతే దారం కట్టుకున్న కళ్ళజోడు ఉన్నాయి. ఇవే దొరికాయి. అత్తయ్యకి ఇలాంటి ఇల్లు, తోడుగా నలుగురు చదువుకున్న ఆడవాళ్ళు, రంగు దారాలు ఉంటే ఎలా ఉండేదో అని ఆ వసారాలో నిలబడి చాలాసేపు ఆలోచించాను. గోడల లోపలి బతుకు గొప్పదని అనను. కానీ గోడలు అత్తయ్యకీ ఉన్నాయిగా!

డ్యూక్‌గారితో పేచీ

వీళ్ళు నోరు మెదపనివాళ్ళు మాత్రం కారు. 1469లో మఠాన్ని సంస్కరిస్తామని పైవాళ్ళు వచ్చారు. ఎవరికీ సొంత సామాను ఉండకూడదు, నియమాలు కఠినంగా పాటించాలి అని. చాలాకాలం నుంచి మఠాన్ని నడిపిస్తున్న కాతరీనా ఫాన్ హోయా అనే పెద్దమ్మగారు ఒప్పుకోలేదు. ఆవిణ్ణి బలవంతంగా అక్కణ్ణించి తీసుకుపోయి, వేరే మఠం నుంచి ఇంకొకావిణ్ణి తెచ్చి కూర్చోబెట్టారు.

ఆ తర్వాత అరవయ్యేళ్ళకి అంతకంటే పెద్ద గొడవ. మార్టిన్ లూథర్ బోధలతో జర్మనీ అంతా అట్టుడికిపోతున్న రోజులు. అక్కడి డ్యూక్ ఎర్నెస్ట్ లూథర్ పక్షం. మఠాలన్నీ లూథర్ మతంలోకి మారాలన్నాడు. మఠాల ఆస్తుల మీదా ఆయనకి కన్ను ఉంది. వీన్‌హౌజెన్ సన్యాసినులు ససేమిరా అన్నారు. 1531లో ఆయన మనుషులు వచ్చి మఠం ఆవరణలోని చిన్న ప్రార్థన మందిరాలనీ, ఆస్తి వ్యవహారాలు చూసే అధికారి ఇంటినీ పడగొట్టేశారు. అయినా ఆడవాళ్ళు కదల్లేదు! డ్యూక్ పోయాడు, ఆయన కొడుకుల కాలం వచ్చింది. లూథర్ మతానికి చెందిన మొదటి పెద్దమ్మగారు వచ్చింది 1587లో. సిస్టర్షియన్ అంగీ విడిచింది 1616లో. మారడానికి వాళ్ళు ఒప్పుకున్నారు సరే, మూడు తరాల టైం తీసుకుని, వాళ్ళకి వీలైనప్పుడు ఒప్పుకున్నారు.

అందుకే ఈ మఠం మిగిలింది. యూరప్‌లో ఎన్నో మఠాలు మూతపడి జైళ్ళూ గోదాములూ అయిపోయాయి, రాళ్ళు కూడా అమ్ముకున్నారు. లూనెబుర్గ్ ప్రాంతంలో మాత్రం వీన్‌హౌజెన్‌తో కలిపి ఆరు మఠాలు ఆడవాళ్ళ చేతిలోనే నిలిచాయి. పెళ్ళికాని కూతుళ్ళకి ఓ చోటు కావాలి కదా అని పెద్దింటివాళ్ళూ వాటిని పోనివ్వలేదు. ఇప్పుడు అక్కడ సన్యాసినులు లేరు. పెళ్ళికానివాళ్ళు, భర్త పోయినవాళ్ళు, విడాకులు తీసుకున్నవాళ్ళు, ఉద్యోగాలు చేసి రిటైరైనవాళ్ళు కొద్దిమంది ఉంటున్నారు. ఎవరి పోర్షన్ వాళ్ళది, ఎవరి ఆదాయం వాళ్ళది. ఒక పెద్దమ్మగారు ఉంటారు, ఎనిమిది వందల ఏళ్ళ కిందటి అదే హోదా పేరుతో. వచ్చినవాళ్ళకి మఠం తిప్పి చూపించడం వాళ్ళ పని. మాకు చూపించినావిడా అక్కడ ఉండేవారే. తాళంచెవుల గుత్తి గలగలలాడించుకుంటూ, ఒక్కో తలుపూ తీసి, మేమంతా దాటాక మళ్ళీ వేసేసేవారు. సొంతింటిని చూపిస్తున్నట్టే చూపించారు.

పిట్టల పెళ్ళి, పాత పుస్తకం చింపి...

1934లో మఠం పాత కాగితాల్లో ఒక చేతిరాత పాటల పుస్తకం దొరికింది. 15వ శతాబ్దంలోది. లాటిన్‌లో, వాళ్ళ వాడుక భాషలో కలిపి అరవై దాకా పాటలు. అన్నీ భక్తి పాటలేననుకుంటున్నారా? పిట్టల పెళ్ళి మీద పాట కూడా ఉంది. పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ పిట్టలే, పెళ్ళికొచ్చినవీ పిట్టలే. మా చెల్లెలి కూతురికి ఆరేళ్ళు. "పెద్దమ్మా, అది మా బళ్ళో పాడతాం" అని అక్కడే ఎత్తుకుంది. వరస, మాటలు మారి ఉండొచ్చు, కానీ పిట్టల పెళ్ళి మాత్రం జర్మనీ పిల్లల నోళ్ళలో ఇంకా నడుస్తూనే ఉంది.

చివర్లో చూసినవి విగ్రహాల బట్టలు. మనం దేవుడికి పట్టుబట్ట కట్టి అలంకారం చేస్తామే, వాళ్ళూ మేరీమాతకీ, బాలయేసుకీ చిన్న చిన్న గౌనులు కుట్టి తొడిగేవారు. గౌను నిటారుగా నిలబడ్డానికి లోపల గట్టి లైనింగు కావాలి. దానికోసం ఏం చేశారంటే, పాత చేతిరాత పుస్తకాల తోలు పుటల్ని కత్తిరించి పట్టీలుగా లోపల పెట్టి కుట్టేశారు! ఈ మధ్య కాలంలో పరిశోధకులు వాటిని జాగ్రత్తగా పరిశీలించి, ఏ పుస్తకం ముక్కలో చదువుతున్నారు. మా చెల్లెలు "అయ్యో, పుస్తకాలు కత్తిరించేశారా!" అంది. నాకేమో అమ్మ చిరిగిన పట్టుచీర అంచులు దాచి, పిల్లల పరికిణీలకి వేసిన సంగతి గుర్తొచ్చింది. ఆ పుస్తకం బీరువాలో ఉంటే ఏ అగ్గిలోనో పోయేదేమో. బాలయేసు గౌనులో దాక్కుంది గనక ఇవాళ చదువుతున్నారు.

వెళ్ళాలనుకునేవాళ్ళకి: హానోవర్ నుంచి ట్సెల్లె దాకా ట్రైన్లు తరచూ ఉంటాయి. మఠం చూపించేది ఏప్రిల్ నుంచి అక్టోబరు మధ్యదాకానే, చలికాలం తలుపులు మూసేస్తారు. మన అంతట మనం తిరగనివ్వరు, వాళ్ళతోనే వెళ్ళాలి, చెప్పేది జర్మన్‌లో. భాష వచ్చినవాళ్ళని వెంటబెట్టుకెళ్ళండి. తెరలు ఒకప్పుడు ఏడాదికోసారి, పెంతెకోస్తు పండగ తర్వాత కొద్దిరోజులు మాత్రమే చూపించేవారు. ఇప్పుడు వాటికి విడిగా మ్యూజియం ఉంది. వెలుతురు తగిలితే రంగులు పోతాయని మసక చీకట్లో ఉంచుతారు. కళ్ళు అలవాటుపడేదాకా ఓ నిమిషం ఆగాలి. మండువేసవిలో కూడా లోపల చల్లగా ఉంటుంది, ఓ శాలువా దగ్గరుంచుకోండి.